కొంగ విమానం తట్టిన తలుపు

ఆ వరసలో ఇళ్ళన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. ఎర్ర ఇటుక గోడలు, ఆకుపచ్చ తలుపులు, పెరట్లో బట్టలారేసే తీగ. విమానాల కంపెనీ తన పైలట్ల కోసం కట్టించిన ఇళ్ళు. పెరటి గుమ్మంలో నిలబడితే కంచె, కంచె అవతల ఇంగ్లండులోని విల్ట్‌షైర్ సుద్దనేల, ఆ నేల నడుమ పొడుగాటి రన్‌వే. ఎనిడ్ ఆ ఇంట్లో దిగేనాటికి నిండు నెలల మనిషి. ఇప్పుడు చంటిది జూడిత్ గోడ పట్టుకుని లేస్తోంది.

ఎనిడ్ మొగుడు విల్ఫ్ ట్రాంటర్ కొత్త విమానాలను ఎగరేసి చూసే పైలట్. యుద్ధంలో బాంబర్లు నడిపినవాడు. ఎనిడేమో చిన్నప్పుడే బడి మాని బిస్కెట్ల ఫ్యాక్టరీలో డబ్బాలకు కాగితాలు అంటించిన పిల్ల. మొగుడి పని గురించి అతను చెప్పినంతే ఆమెకు తెలుసు. అతను ఎప్పుడూ సగమే చెప్పేవాడు. మిగతా సగం ఆమె ఊహించుకునేది. ఊహించుకున్నదంతా చెడే.

అతను నడిపే విమానానికి ఆఫీసు కాగితాల మీద ఏదో అంకెల పేరుంది. ఊళ్ళో అందరూ దాన్ని కొంగ అనేవారు. కాగితాన్ని మూలగా మడిచినట్టు ముక్కోణపు రెక్కలు, ముందు సూదిలాంటి పొడుగు ముక్కు. దిగేటప్పుడు ఆ ముక్కు అడ్డమై పైలట్‌కు నేల కనిపించదు. అందుకని అతను కూర్చునే చోటుతో సహా ముక్కుని కిందికి వంచే ఏర్పాటు పెట్టారు. నీళ్ళలో చేపను చూసిన కొంగలా తల వంచుకుని అది వాలుతుంటే కొత్తగా చూసినవాళ్ళకు నవ్వొచ్చేది. ఎనిడ్‌కు ఏనాడూ నవ్వు రాలేదు.

అలాంటివి రెండు కట్టారు. సరుకు మొయ్యడానికి కాదు, యుద్ధానికీ కాదు. మనిషి శబ్దాన్ని దాటి ఎంత వేగం పోగలడో, ఆ వేగానికి అంత పలచటి రెక్కలు నిలుస్తాయో లేదో తెలుసుకోవడానికే అవి పుట్టాయి. మొదటిది ఒక ఆకురాలు కాలంలో సముద్రం మీద, చాలా ఎత్తున, ముక్కలైపోయింది. దాన్ని నడుపుతున్నవాడు లయొనెల్ అస్క్యూ. ముక్కలు కొన్ని చేపల పడవలవాళ్ళ వలల్లో పడ్డాయి. లయొనెల్ దొరకలేదు. లండన్ నుంచి పెద్దలు వచ్చి, షెడ్డు నేల మీద సుద్దతో విమానం బొమ్మ గీయించి, దొరికిన ముక్కల్ని ఎక్కడివక్కడ పేర్చి, చాన్నాళ్ళు తలలు పట్టుకున్నారు. రెండోది ఆ పక్కనే గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. రెక్క మొదట్లో బిగింపులేవో మార్చి, చివరికి దాన్ని విల్ఫ్ చేతికిచ్చారు. ఇంటినీ అలాగే ఇచ్చారు. లయొనెల్ విమానం తోబుట్టువు విల్ఫ్‌కు వచ్చింది. లయొనెల్ ఇల్లు ఎనిడ్‌కు వచ్చింది.

ఆ వరసలో ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. కొంగలాంటి విమానం శబ్దాన్ని దాటి పరిగెత్తేటప్పుడు దాని మోత ముందుగా వినపడదు. అది వెళ్ళిపోయాక ఎప్పటికో ఆకాశంలోంచి రెండు దెబ్బలు పడతాయి, ఒకదాని వెనకొకటి, దబ్ దబ్ మని. కిటికీ అద్దాలు, సొరుగులో చెంచాలు, గోడ గడియారం అన్నీ ఒక్కసారే ఒణుకుతాయి. కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని చుట్టుపక్కల రైతులు కంపెనీ మీదికి తగువుకొచ్చేవారు. వరసలో ఆడవాళ్ళు మాత్రం దాన్ని తట్టడం అనేవారు. ఆ రోజు ఎవరి మొగుడు పైనున్నాడో ఆ ఇంటావిడ చేతిలో పని వదిలి, "తలుపు తీసే ఉంది, లోపలికి రా" అని పైకి అనాలి. అని, పొయ్యి మీద కెటిల్ పెట్టాలి. నీళ్ళు మరిగి టీ దిగేసరికి విమానం వాలుతుంది. జవాబు చెప్పకపోతే కీడని వాళ్ళ నమ్మకం.

"ఇవాళ గట్టిగానే తట్టాను, విన్నావా బాతూ?" అన్నాడు విల్ఫ్ ఒకరోజు ఇంటికొస్తూనే. అతని ఊరివైపు మగవాళ్ళు పెళ్ళాన్నైనా, రొట్టెలమ్మే ముసలావిడనైనా బాతూ అనే పిలుస్తారు.

"వినకేం. పాలగిన్నె కింద పడింది."

"గిన్నె పోతే పోయింది. లోపలికి రమ్మన్నావా లేదా?"

"అన్నాను. అన్నాక ఒక అనుమానం వచ్చింది. నేను రమ్మన్నప్పుడు నువ్వెక్కడున్నావు?"

విల్ఫ్ బురద బూట్లతోనే వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. పెరటి తలుపు నుంచి నేల మీద అడుగులన్నీ అచ్చు పడ్డాయి. "ఎక్కడో డెవన్ జిల్లా దాటి ఉంటాను. అంత ఎత్తునుంచి ఆ చప్పుడు నేలకు దిగడానికి టైం పట్టదూ? నీకు వినపడేది నేను కాదు. ఇందాక నేనున్న చోటు."

"మరి ఆ మధ్యలో నీకేమన్నా అయితే?"

"అయితే మాత్రం? చప్పుడుకేం తెలుస్తుంది, అది బయల్దేరిపోయాక?" మామూలుగానే అని, అతను రొట్టెకు వెన్న రాసుకున్నాడు. ఎనిడ్ మడిచిన చంటిదాని గౌనునే విప్పి మళ్ళీ మడిచింది. ఇల్లు అప్పగించేనాడు మ్యూరియెల్ చెప్పింది ఆమెకు అప్పుడు అర్థమైంది.

మ్యూరియెల్ అంటే లయొనెల్ భార్య. సామాన్లన్నీ వ్యానెక్కించాక ఆవిడ వంటింట్లో నిలబడి, కుళాయి ఎటు తిప్పితే కారదో, బొగ్గు పొయ్యి ఏ గాలికి పొగ పెడుతుందో ఎనిడ్‌కు చెప్పింది. ఆ గొంతుతోనే, అదీ ఇంటి సంగతే అన్నట్టు, మిగతాది చెప్పింది.

"నేను జవాబు చెప్పాను, తెలుసా. ఆ రోజు తట్టాడు. రా అన్నాను. కెటిల్ పెట్టాను. వీధి గుమ్మంలో పట్టా మీద కాళ్ళు తుడుచుకోవడం విన్నాను. మా ఆయన పెద్దింట్లో పెరిగినవాడు, అందర్లా పెరట్లోంచి రాడు, ఎప్పుడూ ముందు తలుపే. వెనక కుర్చీ జరిగింది. నేను తిరిగి చూడకుండానే టీ పోస్తూ మా అక్క కూతురి పెళ్ళి కబుర్లు చెప్పుకుపోతున్నాను. ఆయన పలకలేదు. ఎప్పుడైనా పలికితేగా. కప్పు పెట్టడానికి తిరిగితే కుర్చీలో ఎవరూ లేరు. కంపెనీ నల్లకారు అప్పుడొచ్చి ఆగింది గేటు దగ్గర."

ఎనిడ్ పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది.

"నేను విన్నప్పటికే ఆయన లేడు. రమ్మన్నాను కాబట్టి వచ్చాడు. నా మాట విను పిల్లా, నీ కళ్ళతో చూసేదాకా ఎవర్నీ లోపలికి రమ్మనకు." ఇక సముద్రం ఒడ్డున వేమత్‌లో అక్క నడిపే లాడ్జిలో ఉంటానని, హార్బరు దాటాక కొండెక్కే వీధి, నీలం తలుపు అని చెప్పి, టెలిఫోన్ నంబరిచ్చి వ్యానెక్కింది.

చంటిది పుట్టాక వచ్చిన చలికాలంలో ఒక పొద్దున పొగమంచు పెరటి తీగను కూడా మింగేసింది. కొంగ షెడ్డులో ఉంది, ఇంజన్ విప్పేసి ఉంది. విల్ఫ్ మేడ మీద గడ్డం గీసుకుంటున్నాడు. ఎనిడ్ గిన్నెలు తోముతుంటే దబ్ దబ్ మంది. "తలుపు" అన్న మాట అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. అక్కడే పళ్ళు బిగబట్టింది. సొరుగులో చెంచాలు ఒణకలేదు. అద్దాలు కదల్లేదు. చప్పుడు ఆకాశంలోంచి కాదు, వీధి తలుపు మీద. కిటికీ తెర తప్పించి చూస్తే గుమ్మంలో మంచు తప్ప ఏమీ లేదు.

"ఎవరూ?" అని మేడమీదినుంచి విల్ఫ్ అడగలేదు. అతనికి వినపడనే లేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం అదే జరిగింది. మళ్ళీ ఒక వానరోజున. పక్కింటి థోరా గ్యాడ్ బట్టలారేస్తుంటే ఎనిడ్ కంచె దగ్గరికి వెళ్ళి చెప్పింది. థోరా మొగుడు ఆ వరసలో అందరికంటే పాత పైలట్. ఆ వరసలో ఆఖరి మాట థోరాదే.

"అవతల మైదానంలో సైన్యంవాళ్ళ ఫిరంగులే అవి," అంది థోరా నోట్లో క్లిప్పులు పట్టుకుని.

"ఫిరంగి ఒకసారే మోగుతుంది కదండీ మిసెస్ గ్యాడ్. ఇది రెండుసార్లు."

"అయితే రెండు ఫిరంగులు."

"ఆదివారం కూడానా అండీ?"

థోరా దుప్పటి మూల విదిలించింది. "చూడు పిల్లా. నువ్వు తిండి తినవు, నిద్రపోవు. ఆ పసిదానికి ఊపిరాడుతోందో లేదో అని ఇరవైసార్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తావు. నీలాంటిదానికి గోడలు కూడా తడతాయి. అది మనసులో పెట్టుకుని, అసలైనది తట్టినప్పుడు నోరు మూసుకుని కూర్చునేవు. జవాబు రాని ఇంటికి మగాడు క్షేమంగా దిగడు. ఆ చివరింట్లో హిల్డా పడుకుని వినలేదు. వాళ్ళాయన విమానానికి చక్రాలు దిగలేదు. ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తున్నాడు."

"మ్యూరియెల్ గారు జవాబు చెప్పారు కదండీ."

థోరా క్లిప్పులు తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. మిగిలిన బట్టలు ఆరెయ్యకుండానే బుట్ట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఎనిడ్‌కు ఆ రోజునుంచి ఒకటే బెంగ. జవాబు చెబితే ఎవరొస్తారో తెలియదు. చెప్పకపోతే విల్ఫ్ రాడేమో. విల్ఫ్‌తో చెప్పుకుందామంటే, రేపు అతను పైనున్నప్పుడు ఈ మాట గుర్తొచ్చి చెయ్యి తడబడితే ఆ పాపం ఎవరిది? అందుకని అతని చొక్కాలు ఇస్త్రీ చేసింది, ఏమీ అనలేదు.

మార్చి నెలలో పెద్దరోజు రానే వచ్చింది. ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ వెళ్ళనంత వేగంతో కొంగ ఎగరాలి. రహస్యం అన్నారు. పబ్బు మీది గదులన్నీ వేగం కొలిచే కెమెరాలవాళ్ళతో నిండిపోయాక ఇంకెక్కడి రహస్యం. కింది కెమెరాలకు కనిపించాలంటే విమానం వెనక తెల్లటి చార పడాలట. ఆ చార పడేంత చలి ఉన్న ఎత్తులోనే ఎగరాలట.

"టీ కాస్త చిక్కగా పెట్టు బాతూ, ఇవాళ," అని విల్ఫ్ పెరటి తలుపు నుంచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆకాశం కడిగిన పింగాణీలా ఉంది. ఎనిడ్ చంటిదాన్ని చంకనేసుకుని పెరట్లో నిలబడింది. దక్షిణాన, ఎక్కడో, తెల్లటి చార మొదలైంది. తిన్నగా, పైపైకి, దారం లాగినట్టు సాగింది. సాగుతూ సాగుతూ ఒకచోట తెగిపోయింది.

తెగిన కొస తర్వాత నీలం తప్ప ఏమీ లేదు. అది మళ్ళీ మొదలవుతుందని ఎనిడ్ మెడ నొప్పెట్టేదాకా చూసింది. పాత చారే మెల్లగా ఉబ్బి, దూదిపింజలై, ఎటో కొట్టుకుపోయింది. చంటిది ఆమె జుట్టు పట్టుకుని లాగుతోంది.

అప్పుడు ఇంటి లోపలినుంచి దబ్ దబ్ మంది.

ఆమె వంటింట్లోకి వచ్చింది. సొరుగు నిశ్శబ్దంగా ఉంది. గడియారం తన మానాన తను ఆడుతోంది. మళ్ళీ తట్టారు, తొందర లేకుండా. ఆ వరసలో ముందు తలుపు ఎవరూ వాడరు. పాలబ్బాయి దగ్గర్నుంచి విల్ఫ్ దాకా అందరూ పెరట్లోంచే. ముందు తలుపుకి వచ్చేది నల్లకారులో వచ్చినవాళ్ళే. కానీ కారు చప్పుడు కాలేదు.

నడవలోకి అడుగు పెడితే పాదాలు కొరికినంత చలి. తలుపుకి ఉత్తరాలు వేసే కంత మీద ఇత్తడి రేకుంది. దాని లోపలివైపు తెల్లటి మంచు నూగు పట్టింది. వెనక గదిలో పొయ్యి మండుతూనే ఉంది.

ఇది విల్ఫే అయితే? ఆ చార తెగినచోట అయిపోయి, చచ్చి కూడా ఇంటికే వచ్చి నిలబడితే? గుమ్మంలో ఉన్న మొగుణ్ణి రావద్దని ఏ నోటితో అంటుంది? కాకపోతే? కాని మనిషిని రమ్మంటే, ఇంకా పైనున్న మనిషి దిగడానికి ఈ ఇంట్లో చోటుంటుందా? "తలుపు తీసే ఉంది" అన్న మాట నాలుక మీద కూర్చుంది. ఆమె దాన్ని మింగింది.

"విల్ఫ్," అంది. "నువ్వేనా? నువ్వైతే నన్ను పిలువు. రోజూ పిలిచేలాగే పిలువు."

ఎవరూ పిలవలేదు. అవతల ఏదో మెల్లగా రాసుకుంది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, పట్టా మీద శుభ్రంగా, ఓపిగ్గా తుడుచుకుంటున్నారు. విల్ఫ్ పుట్టి బుద్ధెరిగాక కాళ్ళు తుడుచుకుని ఇంట్లోకి రాలేదు. ఆ విషయం మీద వాళ్ళిద్దరికీ రోజూ జగడమే.

ఎనిడ్ గడియ మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. చంటిదాన్ని అటు చంకలోంచి ఇటు చంకలోకి మార్చుకుంది. తరవాత, దారి తప్పి వచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"మిస్టర్ అస్క్యూ, మీరు ఇల్లు పొరబడ్డారండీ. ఈ ఇల్లు ఇప్పుడు మాది. మ్యూరియెల్ గారు ఇక్కడ లేరు, వేమత్‌లో వాళ్ళ అక్కగారి దగ్గర ఉంటున్నారు. హార్బరు దాటాక కొండెక్కే వీధి. నీలం తలుపు. మీతో ఎవరూ చెప్పి ఉండరు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నారండీ ఆవిణ్ణి, ఆవిడ తప్పేం లేదు." ఊపిరి తీసుకుంది. "మా ఆయన ఇంకా పైనున్నాడు. ఆయన దిగాలి. కాస్త దారి ఇవ్వండి."

కాళ్ళు తుడుచుకునే చప్పుడు ఆగింది. తర్వాత ఇత్తడి రేకు మీదినుంచి ఒక నీటిచుక్క జారి నేల మీద పడింది.

"అన్నావా?" థోరా పెరట్లోంచి దూసుకొచ్చింది. "తట్టాడా అసలు? ఇందాకట్నుంచీ చెవులు రిక్కించుకుని కూర్చున్నాను, నాకైతే ఒక్క చప్పుడూ లేదు. ఏమిటే, తెల్లగా పాలిపోయావు?"

ఎనిడ్ చెప్పబోతుండగా బయట కారాగింది. కిటికీలోంచి చూస్తే నల్లకారు, కంపెనీదే. థోరా ఆమె మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. చంటిదాన్ని తను తీసుకోవాలని రెండో చెయ్యి కూడా చాచింది.

కారు వెనక తలుపు తెరుచుకుని విల్ఫ్ దిగాడు. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. అలవాటు చొప్పున ఇంటి పక్కనుంచి తిరిగి పెరట్లోకి వచ్చాడు, బూట్లతోనే లోపలికి వచ్చాడు. నేలంతా గడ్డీ, మట్టీ. ఎనిడ్ అతని చేతులు, మెడ, మొహం తడిమి తడిమి చూసింది.

"ఏం కాలేదు, ఏం కాలేదు. ఎక్కుతుండగానే ఇంజన్ ఆగిపోయింది. అక్కణ్ణుంచి తేలుకుంటూ వచ్చాను. దిగేటప్పుడు చూస్తే ముక్కు వంగదు. పక్క అద్దంలోంచి గడ్డి చూసుకుంటూ దింపాను. పొట్ట గీసుకుంది గానీ కొంగ బతికే ఉంది."

"మరి తట్టావుగా," అంది ఎనిడ్, ఆపుకోలేక.

"ఎక్కడ తట్టాను? ఆ వేగం దాకా పోతేగా తట్టడానికి. ఇవాళ పైన గాలి ఊళ తప్ప చప్పుడన్నదే లేదు."

థోరా ఎనిడ్ వైపు చూసింది. తర్వాత నడవలో వీధి తలుపు వైపు, దాని ముందున్న నీటిచుక్క వైపు చూసింది. కెటిల్ తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టింది.

సాయంత్రం వెలుగుండగానే, విల్ఫ్ కుర్చీలో కునుకు తీస్తుంటే, ఎనిడ్ వీధి మలుపులో ఉన్న టెలిఫోన్ పెట్టె దగ్గరికి వెళ్ళింది. జరిగింది చెప్పి క్షమాపణ అడుగుదామని, జాగ్రత్త చెబుదామని. అవతల మ్యూరియెల్ గొంతు నిద్రలేచినదానిలా ఉంది.

"ఎనిడ్," అంది, ఈమె నోరు తెరవకముందే. "ఇక్కడికి దారి చెప్పింది నువ్వేనా?"

ఎనిడ్ తలుపు చువ్వ పట్టుకుంది. "తప్పు చేశానా అండీ?"

పింగాణీ మీద చెంచా తగిలిన చప్పుడొకటి వచ్చింది. "అక్క బజారుకెళ్ళింది. ఇంట్లో మేమే ఉన్నాం," అంది మ్యూరియెల్. మేమే అంది. "టీ పక్కన పెట్టగానే చల్లారిపోతోంది. అదొక్కటే ఇబ్బంది. పెళ్ళి కబుర్లు ఆ రోజు సగంలో ఆగాయి కదా, అవి చెబుతున్నాను." తర్వాత మెత్తగా, దయగా అంది: "ఇక నువ్వు భయపడకు పిల్లా. ఆయన మళ్ళీ అటు రాడు. ఇకమీదట నీ తలుపు తట్టేది మీ ఆయన ఒక్కడే."

ఓదార్పుకే అంది. ఎనిడ్ టెలిఫోన్ పెట్టేసి, పెట్టెలోంచి బయటికి వచ్చింది. ఇన్నాళ్ళూ వీధి తలుపు మీది చప్పుడు విల్ఫ్‌ది కాదు, ఇంకెవరిదో అయి ఉండొచ్చుననుకునే వీలుండేది. ఇప్పుడు అదీ పోయింది.

కొంగ పొట్ట అతికి, ఇంజన్ ఆగడానికి కారణమైన ఇంధనం సంచీ మార్చి, ముక్కు సరిచేసేసరికి కంచె పొదలకు ఆకులొచ్చాయి. కెమెరాలవాళ్ళు మళ్ళీ పబ్బులో దిగారు. మళ్ళీ అలాంటిదే మధ్యాహ్నం. ఈసారి చార తెగలేదు. ఆకాశం ఈ చివర్నుంచి ఆ చివరకు పోయింది. తర్వాత చప్పుడు పడింది. అద్దాలు, చెంచాలు, గడియారం అన్నీ ఒక్కసారే ఒణికాయి. చంటిది ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

"అను పిల్లా, అను," అంది కంచె మీదినుంచి థోరా. "ఇది నేనూ విన్నాను. ఇది అతనే."

ఎనిడ్ అనలేదు. చప్పుడుకేం తెలుస్తుంది, అది బయల్దేరిపోయాక. పిల్లను భుజాన వేసుకుని పెరటి గుమ్మంలో నిలబడి ఆకాశం చూసింది. ఆ కాసేపూ విల్ఫ్ ఈ లోకంలో ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు, థోరాకు తెలియదు, కెమెరాలకు తెలియదు. థోరా ఏదో గొణుగుతూనే ఉంది. రన్‌వే చివర ఒక నల్లని చుక్క పుట్టింది. దానికి రెక్కలొచ్చాయి. తల వంచుకుంది. చక్రాలు నేలకు తగిలి పొగ చిమ్మాయి. పక్క అద్దంలో మనిషి తల కదలడం చూసింది.

అప్పుడు రమ్మంది.

కెటిల్ ఇంకా పొయ్యెక్కనే లేదు. ఆ రోజు ప్రపంచంలో అందరికంటే వేగంగా వెళ్ళొచ్చిన మనిషి, బురద బూట్లతో బల్ల దగ్గర కూర్చుని, టీ కోసం చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చింది.